సువార్తమ్మ గారి పాటలో ఖాళీ

నిన్న పొద్దున నేను పనిచేసే కాటా దగ్గర, వేబ్రిడ్జి మీదకి లారీ ఎక్కుతుంటే ఫోన్ వచ్చింది. సువార్తమ్మ గారి మనవడు.

"అన్నయ్యా, మామ్మ వెళ్ళిపోయిందండి."

ఏమీ అనలేకపోయాను. మామూలుగానే అనలేను, అది వేరే సంగతి. నిన్న మాత్రం నోట్లోంచి ఒక్క అక్షరం కూడా రాలేదు. లారీ డ్రైవర్ దిగి వచ్చి "ఏవండీ, ఒంట్లో బాలేదా" అని అడిగాడు.

తొంభై దాటిన మనిషి. ఎప్పుడో ఒకప్పుడు ఈ ఫోన్ వస్తుందని తెలుసు. తెలిసి ఏం లాభం.

నాకు నత్తి అని మీ అందరికీ తెలుసు. నోటితో చెప్పలేనివన్నీ ఇలా టైప్ చేసి మీ ప్రాణం తీస్తానని కూడా తెలుసు. ఈ ఒక్క పోస్ట్ ఓపిగ్గా చదవండి. సమాధి కార్యక్రమం అయిపోయింది. ఏలూరు నుంచి గూడెం టౌన్‌కి వెళ్ళే బస్సులో కూర్చుని రాస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా. సువార్తమ్మ గారిదీ నాదీ కొల్లేటి లంకల్లో ఒకే ఊరు. పాట ఆవిడే రాసేవారు, ట్యూన్ ఆవిడే కట్టేవారు, ఆవిడే పాడేవారు. చిన్నప్పటి నుంచి నేను ఆవిడ ఫ్యాన్‌ని. ఇంకెవరి పాటా నాకు అంతగా ఎక్కలేదు.

ఆవిడ పాటల్లో ఒక వింత ఉంది. ఒక లైన్ పాడి ఆగిపోతారు. తాళం కూడా ఉండదు. పూర్తి నిశ్శబ్దం. కాసేపటికి రెండో లైన్ అందుకుంటారు. కొత్తగా విన్నవాళ్ళు పాపం పెద్దావిడ మర్చిపోయారు అనుకుంటారు.

ఎందుకలా అని ఒకసారి అడిగాను. పందొమ్మిది వందల ముప్పైల నాటి సంగతి చెప్పారు.

అప్పటికి ఆవిడ చిన్న పిల్ల. వాళ్ళ నాన్నగారు పడవ మీద, కిక్కిస రెల్లు పొదల మధ్యగా, లంకల నుంచి ఏలూరుకి మనుషుల్నీ బస్తాల్నీ చేరవేసేవారు. పొడుగాటి వెదురు గెడని నీళ్ళ అడుగున ఆనించి, తోసుకుంటూ పడవ ముందు నుంచి వెనక్కి నడవాలి. మళ్ళీ గెడ ఎత్తుకుని ముందుకి రావాలి. ముందుకి వచ్చేటప్పుడు ఆయన ఒక లైన్ పాడేవారట. తోసేటప్పుడు పాట ఉండదు.

"ఊపిరంతా గెడకే సరిపోయేదయ్యా. ఇంక పాటకేం మిగులుద్ది" అన్నారు మామ్మగారు.

ఒకసారి మిషన్ స్కూల్ దొరసాని గారు ఆ పడవ ఎక్కారట. పాట బాగుంది, మధ్యలో ఆపకుండా పాడమన్నారట. పెద్దవాళ్ళ మాట కాదనలేక ఆయన ఆపకుండా పాడారు.

పడవ ఆగిపోయింది.

ఇది చెప్పినప్పుడల్లా పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవారు. నాన్నగారు పోయాక కూడా ఆ ఖాళీలు అలాగే ఉంచి పాటలు కట్టారు.

తర్వాత ఎప్పుడో ఆవిడ పాటలు క్యాసెట్‌గా వేశారు. రికార్డింగ్‌లో కీబోర్డ్ ఆయన ఖాళీ దొరికిన చోటల్లా మ్యూజిక్ వాయించేస్తుంటే, "ఏవండీ, అక్కడ కాస్త ఊరుకుంటారా" అని బతిమాలారట. ఆయన ఊరుకున్నాడు. క్యాసెట్లు బజారుకి వచ్చాయి. కొన్నవాళ్ళు సగంలో పాట రావట్లేదు, టేప్ పాడైందని గూడెం షాపులో వెనక్కి ఇచ్చేశారు. ఆ వెనక్కి వచ్చిన వాటిలో ఒకటి మా నాన్న చవగ్గా పట్టుకొచ్చాడు. అరిగిపోయేదాకా విన్నాను.

ఇక నా సంగతి.

చిన్నప్పుడు సండే స్కూల్లో మామ్మగారు క్రిస్మస్‌కి పాట నేర్పుతూ నన్ను ముందు నిలబెట్టారు. మొదటి మాట దగ్గరే ఇరుక్కుపోయాను. పెదవులు కదులుతున్నాయి, శబ్దం రావట్లేదు. పిల్లలు నవ్వడం మొదలుపెట్టారు. మా అక్క కూడా నవ్వింది, ఇప్పుడు ఈ పోస్ట్ చదువుతుంది కాబట్టి రాస్తున్నా.

మామ్మగారు కోప్పడలేదు. "మీకేం తొందర్రా? వాడు గెడేస్తున్నాడు. రానివ్వండి" అన్నారు.

అందరూ ఆగారు. పాట వచ్చింది.

ఆ రోజు నుంచి ఊళ్ళో నేను మాట దగ్గర ఆగితే "గెడేస్తున్నాడు" అనేవారు. నత్తోడా అనడం మానేశారు. అది ఎంత తేడానో నత్తి లేనివాళ్ళకి చెప్పినా అర్థం కాదు.

ఆవిడతో కలిసి ఎన్నో ఏళ్ళు పాడాను. నల్లజర్ల మీటింగుల్లో పాడాను, ఏలూరులో పెళ్ళిళ్ళలో పాడాను. ఎప్పుడు పాడినా పక్కన ఆవిడ కూర్చోవాలి. ఆవిడ లేకుండా నలుగురిలో నోరు తెరిచింది లేదు. పిలిస్తే ఏదో ఒక వంక చెప్పి తప్పించుకునేవాడిని.

ఈ రోజు తప్పించుకోవడానికి లేకపోయింది.

సమాధుల తోటలో పెట్టె దించే ముందు మనవడు నా దగ్గరికి వచ్చాడు. "అన్నయ్యా, మీరో రెండు మాటలు చెప్పండి."

మాటలు నా వల్ల కాదు, పాడతానని సైగ చేశాను. పరిగెత్తి బస్సెక్కేద్దామనిపించింది, నిజంగా.

"కిక్కిస దాటితే మన ఊరే నాన్నా..."

మొదటి లైన్ వచ్చేసింది. ఆ తర్వాత ఖాళీ.

రెండో లైన్ రాలేదు. ఈసారి నత్తి కాదు. ఏడుపు.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఎవరూ దగ్గలేదు, ఎవరూ లైన్ అందించలేదు. పాస్టర్ గారు కూడా బైబిల్ మూసి నిలబడ్డారు. పాటలో అక్కడ ఆగాలి కాబట్టి ఆగాననుకుని ఊరు ఊరంతా ఆగింది.

అది పాటలోది కాదండీ. నాది.

చివరికి పాడాను. బాగా పాడలేదు, శ్రుతి ఎటో పోయింది. కానీ పక్కన ఆవిడ లేకుండా ఆఖరి లైన్ వరకు పాడాను. పాట అయ్యాక అందరం వరసగా మట్టి వేశాం.

మామ్మగారూ, నన్ను తొందరపెట్టని మొదటి మనిషి మీరు. ఈ మాట మీ ముందు నోటితో అనాలని ఎన్నోసార్లు అనుకున్నాను. అనలేదు.

వెళ్ళి రండి. ప్రభువు దగ్గర నెమ్మదిగా ఉండండి.