గిన్నె అడుగున పేరు

మా ఆయనకి కంటబడ్డ అక్షరమల్లా పైకి చదివే అలవాటు. నరసరావుపేట బజారులో ఆయన పక్కన నడవడమంటే కొట్ల పేర్లూ, సినిమా వాల్‌పోస్టర్లూ, అగ్గిపెట్టె మీది అక్షరాలూ అన్నీ వింటూ నడవడమే. కోర్టులో గుమాస్తా. పొద్దస్తమానం కాగితాలు బిగ్గరగా చదివి చదివి తెచ్చుకున్న జబ్బు అది. చివరికి ఆ జబ్బే నాకు అక్కరకొచ్చింది.

రెండో జబ్బు మిలిటరీ హోటలు. అరవైల మొదట్లో మాంసం వండే హోటళ్ళని అట్లాగే అనేవాళ్ళు. స్టేషను రోడ్డులో ఒక ముసలి సాయిబు నడిపేవాడు. మా ఆయన స్నేహితులతో వారం వారం అక్కడ తినొచ్చేవాడు. తినొస్తే తినొచ్చాడు, నాకేం బాధ లేదు. ఆదివారం ప్రార్థన నుంచి వచ్చి, కట్టెల పొయ్యి ముందు కళ్ళు పోగొట్టుకుని నేను వండిన కూర నోట్లో పెట్టుకుని, "ఇదేందే, కుడితి మాదిరి? సాయిబు షేర్వా తాగిన నోటికి ఇది ఎక్కుద్దా?" అనేవాడు. బడిలో పిల్లల్ని గడగడలాడించే టీచర్ని నేను. ఇంట్లో మాత్రం నోరెత్తేదాన్ని కాదు. పెళ్ళైన కొత్త.

ఒకసారి మా అమ్మ వెల్దుర్తి నుంచి వచ్చింది. మాచర్ల దాకా బస్సు, అక్కణ్ణుంచి రైలు. నాన్న పోయాక కూలికెళ్ళి నన్ను టీచరు ట్రైనింగు చదివించిన మనిషి. సంచిలో గోంగూర, మెట్టచేలో పండిన ఎండుమిరపకాయలు తెచ్చి, అల్లుడి కోసం ఆ ఆదివారం తనే పొయ్యి ముందు కూర్చుంది. ఆయన ఒక ముద్ద తిని పళ్ళెం ముందుకు నెట్టాడు. "అత్తా, ఒకసారి మిలిటరీ హోటల్లో తినిరా, మాంసమంటే ఏందో తెలుస్తది. తల్లికే రాకపోతే కూతురికెట్టా వస్తది?" అన్నాడు నవ్వుతూ. అమ్మా నవ్వింది. తర్వాత మేమిద్దరం కూర్చున్నప్పుడు మాత్రం తను వండిన కూర ముట్టుకోకుండా మజ్జిగన్నం తిని లేచింది. ఆ మజ్జిగన్నానికి బదులు తీర్చకపోతే నేను ఆమె కడుపున పుట్టినట్టే కాదనుకున్నాను.

ఆ శనివారం ఒంటిపూట బడి. నేరుగా హోటలుకి పోయాను. అక్కడికి ఆడవాళ్ళు రారు. వస్తే మొగుళ్ళతో వచ్చి, వెనక తెర కట్టిన గదిలో తినిపోతారు. దానికి ఫ్యామిలీ రూమ్ అని పేరు. గల్లాపెట్టె దగ్గర సాయిబు, నా వెనక ఎవరన్నా వస్తున్నారేమోనని తొంగి చూశాడు. "ఒక్కదాన్నే" అన్నాను. "రా టీచరమ్మా" అని తెర ఎత్తాడు.

చలవరాతి బల్ల, అంచు పెచ్చులూడిన పింగాణీ పళ్ళెం, ఇత్తడి గ్లాసులో నీళ్ళు. పలావు, షేర్వా తెచ్చిపెట్టారు. తప్పు పట్టాలనే తిన్నాను. దొరకలేదు. ముక్క వేలు తగిలితే విడిపోతోంది. ఘాటు గొంతు దిగాక గానీ తెలియడం లేదు. ఎముక పళ్ళానికేసి కొట్టి మూలుగ జుర్రుకున్నాను. ఎవరికీ వడ్డించకుండా, ఎవరి మొహమూ చూడకుండా, వేడివేడిగా కూర్చుని తినడం పెళ్ళయ్యాక అదే మొదలు. ఎంత బాగుంటే అంత ఒళ్ళు మండింది. ఇంత సుఖపడొచ్చి మమ్మల్ని ఏడిపించాడన్నమాట.

చెయ్యి కడగడానికి దొడ్లోకి పోతే, తోమిన రాగి గిన్నెలు వరసగా బోర్లించి ఉన్నాయి. ప్రతి గిన్నె అడుగునా హోటలు పేరు చుక్కల అక్షరాల్లో కొట్టించి ఉంది. అది చూశాక కోపం కాస్త తగ్గి బుర్ర పనిచేసింది. రేపు ఇంటికి కూర కావాలి, గిన్నె కూడా మీదే ఇవ్వాలి అన్నాను.

"మాదెందుకమ్మా, మీ ఇంట్లో గిన్నెలు లేవా?" అన్నాడు సాయిబు.

"మీదే కావాలి" అన్నాను.

మర్నాడు ప్రార్థన అయ్యాక మగవాళ్ళు సంఘం మాటల్లో పడ్డారు. నేను ముందే బయటపడి హోటలుకి పోయి, కూర గిన్నె సంచిలో పెట్టుకుని తెచ్చాను. అమ్మ ఇంకా మా ఇంట్లోనే ఉంది. గిన్నె వంక చూసింది, నా మొహం వంక చూసింది. పోయి అన్నానికి ఎసరు పెట్టింది.

కూర మా గిన్నెలోకి మార్చి వెచ్చబెట్టి వడ్డించాను. ఆయన ముద్ద కలుపుకున్నాడు. కనిపెట్టాడా, అంతా పోయినట్టే. నిదానంగా నమిలాడు.

"ఎవరు వండారు, నువ్వా, అత్తా?"

"అమ్మే."

"అనుకున్నా. మళ్ళా అదే చప్పిడి. సాయిబు చేతిలో ఉన్నది మీ ఇంటావంటా లేదు."

నేను లోపలికి పోయి, తోమి పెట్టిన రాగి గిన్నె తెచ్చి ఆయన పళ్ళెం పక్కన బోర్లించాను. అలవాటు ఎక్కడికి పోతుంది? హోటలు పేరు, ఊరి పేరుతో సహా, కోర్టులో చదివినట్టు పైకి చదివాడు. చదవడం అయ్యాక గానీ చదివిందేమిటో తలకెక్కలేదు. ఎక్కాక చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది.

అమ్మ గరిటె అందుకుని ఇంకో రెండు ముక్కలు వేసింది. "చప్పగా ఉన్నా తినయ్యా. పాపం సాయిబు కష్టపడి వండాడు." పళ్ళెం ఖాళీ అయ్యేదాకా పక్కనే నిలబడింది. తర్వాత తనూ వడ్డించుకుని ముక్కలతో కడుపునిండా తింది.

ఆయన ఆ హోటలు గడప మళ్ళీ తొక్కలేదు. ఇంట్లో కూరకి వంకా పెట్టలేదు. జాలి వెయ్యలేదా అని మా పిల్లలు ఇప్పటికీ అడుగుతుంటారు. వెయ్యలేదు. గిన్నె తిరిగివ్వడానికి పోతే సాయిబు తెర ఎత్తి పట్టుకున్నాడు. ఆ హోటలు ఉన్నన్నాళ్ళూ, ఒంటిపూట బడి అయితే నా భోజనం అక్కడే.