పసుపు గీత పడని పిల్ల

మొన్న ఇర్వింగ్‌లో మా అమ్మాయి ఇంట్లో మనవరాలు ఒక డబ్బా మూత తీసి, తెల్లటి పొడి గిన్నెలోకి వంపి, మరిగే నీళ్ళు పోసింది. ఎండబెట్టిన బంగాళాదుంపల పొడి. తడిసిన అట్టముక్కలాంటి వాసన ఒకటి ఆవిరితోపాటు వంటింట్లోంచి హాల్లోకి వచ్చింది. "తాతా, ఫైవ్ మినిట్స్‌లో అయిపోతుంది, టేస్ట్ చేస్తావా?" అని అడిగింది. నేను రెండు గిన్నెలు తిన్నాను. రుచి కోసం కాదు. అది నాకు తెలిసిన ఒకావిడ ఇంటి వాసన. ఆమె ఏడాదికోసారి తనకు ఇష్టమైనవాళ్ళందరినీ పిలిచి సరిగ్గా అదే పెట్టేది. వెన్న లేదు, మిరియాలు లేవు, ఉప్పు కూడా వేసీ వేయనట్టే. తిన్నవాళ్ళలో సగంమంది కళ్ళు తుడుచుకునేవారు. అన్నట్టు, నేను తిన్నది రెండు గిన్నెలు కాదు, ఒకటిన్నర. ఇలాంటివి వెంటనే సరిదిద్దుకోవడం కూడా ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

ఆమె పేరు ఇర్మా క్రేన్. డెబ్బైల చివర్లో నేను మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో, కారు తలుపులకు గడియలు తయారుచేసే ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరినప్పుడు ఆమె మా చెకర్. మేం గీసిన ప్రతి డ్రాయింగూ ఆమె చేతిమీదుగానే ఫ్యాక్టరీకి వెళ్ళాలి. కొలత సరిగ్గా ఉంటే దానిమీద పసుపు పెన్సిల్ గీత, తప్పయితే ఎరుపు. మనిషి ఆరున్నర అడుగుల ఎత్తు. సరే, ఐదడుగుల ఎనిమిది అంగుళాలు. కానీ నా డ్రాయింగు పట్టుకుని నా టేబుల్ పక్కన నిలబడితే ఆరున్నరే. చేరిన వారంలోనే ఒక కొలత మీద ఎర్రగీత గీసింది. "ఇది ఎక్కడినుంచి వచ్చింది, మిస్టర్ రత్నం?" "పాత డ్రాయింగులోంచి, మేడమ్. అది కరెక్టే." "కరెక్టే కావచ్చు. మీరు కొలిచారా అని అడుగుతున్నాను." నేను ముఖం మాడ్చుకుని ఫ్యాక్టరీలోకి వెళ్ళి ఆ ముక్కని కొలిచి వచ్చాను. వెంట్రుకవాసి తేడా లేదు. గెలిచినట్టు చెప్పాను. ఆమె ఆ ఎర్రగీత మీదే పసుపు రుద్ది, "ఇప్పుడు కరెక్ట్" అని వెళ్ళిపోయింది.

ఆమెది బెర్లిన్. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మూడేళ్ళకు ఆ నగరంలో పడమటి భాగానికి వెళ్ళే రోడ్లూ రైళ్ళూ కాలవలూ అన్నీ సోవియట్ సైన్యం మూసేసింది. లోపల చిక్కుకుపోయిన ఇరవై లక్షలమందికి దాదాపు ఏడాదిపాటు అమెరికన్లూ బ్రిటిష్‌వాళ్ళూ పిండీ పాలపొడీ బొగ్గూ అన్నీ విమానాల్లో మోశారు. నిమిషాల తేడాతో ఒకదాని వెనక ఒకటి దిగేవి. అన్ని విమానాలకు ఉన్న రన్‌వేలు చాలక, కొత్తది ఒకటి వెయ్యాల్సి వచ్చింది. యంత్రాలు తక్కువ, మగవాళ్ళు తక్కువ. ఆడవాళ్ళు పారలు పట్టుకుని, బాంబులకు కూలిన ఇళ్ళ ఇటుకముక్కలు పరిచి ఆ రన్‌వే వేశారు. వాళ్ళలో పంతొమ్మిదేళ్ళ ఇర్మా ఒకతె. కూలి కొంచెం, ఒక పూట వేడి భోజనం. ఆ రోజుల్లో ఊరంతా తిన్నది ఈ బంగాళాదుంప పొడే. ఆ తర్వాత క్రేన్ అనే అమెరికన్ సైనికుణ్ణి పెళ్ళి చేసుకుని మిషిగన్ వచ్చింది.

ఎనభైల మొదట్లో ఆమె ఒక పని పెట్టుకుంది. ఆ విమానాల రోజుల్ని కళ్ళారా చూసినవాళ్ళు మా చుట్టుపక్కల ఊళ్ళలో పదిహేనుమంది దాకా తేలారు. ఆమెలాగే అమెరికన్ సైనికుల్ని పెళ్ళాడి వచ్చిన జర్మన్ ఆడవాళ్ళు కొందరు, ఆ విమానాల్లో పనిచేసిన అమెరికన్లు కొందరు. ప్రతి ఒక్కరి ఇంటికీ టేప్‌రికార్డర్ పట్టుకెళ్ళి వాళ్ళ మాటలు క్యాసెట్లకెక్కించేది. అవన్నీ టైపు చేసి, ఒక పెద్ద ఫైలుగా కుట్టి, మా ఊరి లైబ్రరీకి ఇవ్వాలని ఆమె కోరిక. టైపిస్టు కావాలంది. నేను గుంటూరులో టైపు హయ్యర్ పాసయినవాణ్ణి, నిమిషానికి వంద మాటలు కొట్టేవాణ్ణి. అరవై. తప్పులు తీసేస్తే నలభై ఐదు. సాయంత్రాలు ఆమె ఇంట్లో కూర్చుని కొట్టేవాణ్ణి. కొట్టిన ప్రతి పేజీనీ ఆమె డ్రాయింగులాగే తనిఖీ చేసేది. సాక్షి స్వయంగా చూసిన వాక్యానికి పసుపు. ఎవరో చెప్పగా విన్నదైతే ఎరుపు.

ఇక్కడ నా జబ్బు గురించి చెప్పాలి. ఆ రోజుల్లో డెట్రాయిట్ చుట్టుపక్కలున్న తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఓ పది ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్ అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నాలు ఆరాధన జరుపుకునేవి. పాటలయ్యాక సాక్ష్యాలు. దేవుడు తనకు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పాలి. ఆ విద్యలో నన్ను మించినవాడు లేడు. కాలేజీ రోజుల్లో మా ఊళ్ళో సైకిల్ మీద పోతుంటే ఒక లారీ నన్ను రాసుకుంటూ పోయింది, అంతే జరిగింది. మొదటిసారి చెప్పినప్పుడు అది లారీయే. రెండోసారి వానలో వచ్చింది. నాలుగోసారికి గూడ్సు రైలైంది, నేను చెప్పుల్లేని కాళ్ళతో పట్టాల మీద పరిగెత్తాను. అందరూ "స్తోత్రం!" అనేవారు. మా ఆవిడ రూతు మాత్రం పాటల పుస్తకంలో తల దూర్చేసేది. "దేవుడి మహిమ కోసమేగా" అని నేనంటే, "ఆయనకి మీ హెల్ప్ అక్కర్లేదండీ" అనేది.

అలాంటివాడి చేతికి డెల్ క్యాసెట్ వచ్చింది. డెల్ రిటైరైన మెకానిక్. అప్పట్లో ఆ బొగ్గు విమానాల్లో వెళ్ళివచ్చేవాడు. పెద్ద మనిషి, చిన్న మాట. ఇర్మా ఎంత అడిగినా టేపులో ఆయన చెప్పింది ఇంతే: "దిగాం. బస్తాలు దించారు. కాఫీ తాగాను. మళ్ళీ ఎగిరాం." ఇది సాక్ష్యమా? నాకు ప్రాణం ఒప్పలేదు. ఒక పిల్లని పెట్టాను. రన్‌వే దాటుకుని పరిగెత్తుకొచ్చి, బొగ్గుతో నల్లబడిన డెల్ చెయ్యి పట్టుకుని ముద్దుపెట్టుకున్నట్టు రాశాను. వానలో పెట్టాను. కాళ్ళకు చెప్పులు కూడా తీసేశాను.

ఒక శనివారం మధ్యాహ్నం ఇర్మా ఇంట్లో అందరూ చేరారు, రూతు కూడా నాతో వచ్చింది. తలా ఒక గిన్నె బంగాళాదుంప ముద్ద. సోమవారమో మంగళవారమో ఫైలు లైబ్రరీకి ఇచ్చెయ్యాలి, దానికి ముందు ఎవరి పేజీ వాళ్ళు వినాలి. నేను చదువుతున్నాను, ఇర్మా పక్కన కూర్చుని నకలు మీద వాక్యానికో పసుపు గీత గీస్తోంది. ముందు రాత్రే కొట్టిన, ఇర్మా ఇంకా చూడని డెల్ పేజీ వచ్చింది. పిల్ల వచ్చింది. డెల్ కళ్ళజోడు తీసి, "అవును. ఆ పిల్ల" అన్నాడు. ఇర్మా చేతిలో పెన్సిల్ ఆగింది.

"డెల్, ఆ పిల్ల కోటు ఏ రంగు?" అని మెల్లగా అడిగింది.

"నీలం. పైన ఒక గుండీ లేదు."

నేను కోటే ఇవ్వలేదు. ఆ పిల్లని వానలో వట్టి కాళ్ళతో వదిలేసినవాణ్ణి. నేను పుట్టించిన పిల్ల నా కళ్ళముందే పెరిగి, కోటు తొడుక్కుని, గుండీ కూడా పోగొట్టుకుంది. ఇర్మా ఆ వాక్యం మీద ఏ రంగూ వేయకుండా పేజీ తిప్పింది.

ఇంటికి వెళ్తుంటే కార్‌లో రూతు అడిగింది. "ఏవండీ, ఆ పిల్ల మీదేనా?"

"ఏ పిల్ల?"

"చెప్పుల్లేని పిల్ల. మీ రైలు దగ్గర కూడా చెప్పులుండవు కదా."

సోమవారం లంచ్‌లో ఇర్మా టేబుల్ దగ్గరకు వెళ్ళి అంతా చెప్పేశాను. ఆమె శాండ్‌విచ్ పక్కన పెట్టింది. "తెలుసు. రన్‌వే మీదకు పిల్లల్ని రానిచ్చేవారు కాదు. కంచె అవతలే నిలబడేవారు."

"మరి అప్పుడే అనలేదేం?"

"మీరు వస్తారో రారో చూద్దామని." కాసేపాగి అంది: "యుద్ధంలో మా ఇంట్లో రేడియో ఉండేది, మిస్టర్ రత్నం. అందులో మా సైన్యం రోజూ గెలిచేది. మా అమ్మ నమ్మింది. ఒకరోజు మా ఇంటి పైకప్పు పోయింది. మర్నాడు కూడా రేడియో గెలిచింది. ఈ ఫైల్లో ఒక్క పేజీ అబద్ధమని తేలితే, మిగతావన్నీ కూడా మా రేడియోలాంటివే అంటారు."

నేను క్షమించమన్నాను. "నన్నెందుకు? మీరు పాడుచేసింది డెల్ జ్ఞాపకాన్ని. ఆయనకి చెప్పండి" అని, కారు తాళాలు తీసింది.

డెల్ పెరట్లో పిట్టలకు గింజలు వేస్తున్నాడు. నేను చెప్పాల్సింది చెప్పాను. అంత కష్టమైన సాక్ష్యం జీవితంలో ఎప్పుడూ చెప్పలేదు. ఆయన గింజల డబ్బా కింద పెట్టాడు.

"అయితే ఆ పిల్ల లేదా?"

"లేదు సార్."

"మరి గుండీ?"

"గుండీ మీదే సార్."

నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు. పిట్టలన్నీ ఎగిరిపోయాయి. "నాకు నచ్చిందయ్యా ఆ పిల్ల. ఉంచుకోకూడదా?"

"ఇంట్లో ఉంచుకో," అంది ఇర్మా. "లైబ్రరీకి మాత్రం తీసుకురాకు. ఇంతకీ నిజంగా ఏం చూశావు, డెల్?"

ఆయన బూటుతో నేల రాసుకుంటూ చెప్పాడు. బస్తాలు దించే జర్మన్ కూలీల్లో ఒక పెద్దాయన ఉండేవాడట. ఆ పనికి కూడా మెడకు టై కట్టుకుని వచ్చేవాడు. ఒకరోజు బస్తాలన్నీ దించాక, విమానం నేల మీద మిగిలిన బొగ్గు పొడిని చిన్న బ్రష్‌తో తన టోపీలోకి ఊడ్చుకున్నాడు. ఆ టోపీని గుడ్లున్న బుట్టలా రెండు చేతులతో పట్టుకుని మెట్లు దిగాడు. "మర్నాటినుంచి నేను విమానం ఊడవడం మానేశాను. ఆయన కోసం పొడి వదిలేసేవాణ్ణి. నేల మురికిగా ఉందని మా ఆఫీసరు తిట్టాడు. అందుకే ఎప్పుడూ చెప్పలేదు. తిట్లు తిన్నది కూడా ఒక జ్ఞాపకమేనా?"

ఇర్మా సంచిలోంచి పసుపు పెన్సిల్ తీసింది. "తడి కాగితంతో కలిపి ఉండలు చేసేవాళ్ళం. ఒక టోపీ పొడితో ఒక కుండ సూప్ కాగుతుంది. ఇది నేను చూశాను" అంది. ఆ పెరట్లోనే నేను పేజీ వెనక రాసుకుంటుంటే, వాక్యం వాక్యానికీ వెంటనే పసుపు గీత పెడుతూ వచ్చింది. నేను చేర్చాలనుకున్నా ఆ టోపీకి చేర్చడానికి ఏమీ దొరకలేదు.

ఆ ఆదివారం చర్చిలో లేచి, నా రైలు రైలు కాదు, లారీ అని చెప్పేశాను. మా పాస్టరు జాన్ అయ్యగారు నవ్వు ఆపుకుంటూ, "బ్రదర్ రత్నం, మాది మీ పక్క ఊరే కదా. అక్కడ రైల్వే లైనే లేదు" అన్నారు. "మరి ఇన్నాళ్ళూ స్తోత్రం అన్నారేమండీ?" అని నేనడిగితే, "మీరు బతికినందుకు, బ్రదర్" అన్నారు. రూతు ఆ రోజు పాటల పుస్తకంలో తల దూర్చలేదు.

ఫైలు ఇంకో రెండు వారాలు ఆగింది. చివర్లో ఒక్క ఇర్మా పేజీ మిగిలింది. అందరి మాటలూ పట్టిన మనిషి తన మాటలు మాత్రం పట్టలేదు. నేను అడిగితే, టేప్‌రికార్డర్ నా వైపు తిప్పి, "మీరే నొక్కండి" అంది. చెప్పింది కొంచెమే. ఇటుకముక్కలు, కాళ్ళకు పెద్దవైన వాళ్ళన్న బూట్లు, తాము వేసిన రన్‌వే మీద మొదటి విమానం దిగిన రోజు. పారలు పట్టుకుని ఆడవాళ్ళందరూ వరసగా నిలబడ్డారట. అరిచినా ఆ శబ్దంలో వినపడదని ఎవరూ అరవలేదట. చివర ఇలా అంది: "అంతకు మూడేళ్ళ ముందు, యుద్ధంలో, ఆ శబ్దం వింటేనే నేలమాళిగలోకి పరిగెత్తేవాళ్ళం. ఈసారి నేను భయపడలేదు."

అక్షరం పొల్లుపోకుండా కొట్టి ఇచ్చాను. పసుపు పెన్సిల్‌తో ఒక్కో వాక్యం గీసుకుంటూ వచ్చింది. ఆఖరి వాక్యం దగ్గర ఆగింది. కిటికీలోంచి బయటకు చూసింది. తర్వాత పసుపు పెన్సిల్ కింద పెట్టి, ఎరుపు తీసుకుని, ఆ వాక్యాన్ని నిదానంగా కొట్టేసింది. "ఇది నేను తర్వాత్తర్వాత చెప్పుకున్నమాట" అంటూ పక్కన తన చేత్తో రాసింది: "ప్రతి విమానానికీ భయపడ్డాను." దాని మీద పసుపు గీత గీసి, నాకిచ్చి, మళ్ళీ కొట్టమంది. నా టైపు వేగం ఆ సాయంత్రం నిమిషానికి పది మాటలు. ఇందులో పెంచిందీ తగ్గించిందీ లేదు.

ఇర్మా, డెల్ ఇద్దరూ పోయి చాలా ఏళ్ళైంది. కిందటేడు నాకు గుండె ఆపరేషన్ జరిగింది. చక్రాల మంచం మీద లోపలికి తోసుకెళ్ళబోతూ నర్సు అడిగింది, భయంగా ఉందా అని. లేదు అనబోయాను. ఈ దేశానికి రెండు సూట్‌కేసులతో వచ్చిన రోజు అడిగినా, ఉద్యోగం పోయిన రోజు అడిగినా రూతుకు అదే చెప్పాను. నోరు తెరిచాక ఎందుకో ఆ మాట బయటకు రాలేదు.

"కొంచెం" అన్నాను.

పక్కన నడుస్తున్న రూతు వంగి, "కొంచెమా?" అంది.

"చాలా."

అప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుంది. యాభై ఏళ్ళ కాపురంలో భయంతో ఉన్న నా చెయ్యి ఆమె పట్టుకోవడం అదే మొదటిసారి. ఆపరేషన్ గది తలుపులు వచ్చేదాకా వదల్లేదు.