కుడిపక్క మంచం

మా పాపకు నాలుగేళ్లప్పుడు రక్తంలో జబ్బని తేలి, గుడియాత్తం నుంచి వేలూరు తీసుకెళ్లి పిల్లల ఆసుపత్రిలో చేర్చాం. నరానికి ఎక్కించే మందు ఘాటైనది. అది మూత్రపిండాలను దెబ్బ తీయకుండా గంటగంటకూ నీళ్లు తాగించాలి. పాప తాగడం లేదు. సాయంత్రం దాకా చూసి ముక్కులోంచి గొట్టం వేస్తామని డాక్టరమ్మ చెప్పింది.

నన్ను భయపెట్టింది గొట్టం కాదు. నర్సమ్మ గ్లాసు పట్టుకుని కూర్చోగానే పాప కళ్లు కుడివైపు తిరిగేవి. తల కదలదు, కళ్లు మాత్రం ఆ పక్క మంచం మీద నిలిచిపోయేవి. ఆ మంచం ఖాళీ. పేర్ణాంబట్టు నుంచి వచ్చిన పదేళ్ల పిల్ల మొన్నటిదాకా అక్కడుండేది, పాప అక్కా అని పిలిచేది. మా పాప నిద్రలో ఉన్నప్పుడు ఆ పిల్ల ప్రాణం పోయింది. తెర లాగి తీసుకెళ్లారు. ఆ సంగతి పాపకు ఎవరమూ చెప్పలేదు.

అసలే నేను తాడును చూసి పామనుకునే రకం. ఆ పిల్లే పిలుస్తోందనుకున్నాను. మంచాల మధ్య తెర లాగేశాను. పాప ఆ తెరనే రెప్ప వేయకుండా చూసింది. ఫోన్లో అత్తకు చెబితే, “ఆ పక్క యాపాకు పెట్టమ్మా,” అంది. పెట్టాను. నర్సమ్మ కోప్పడకుండా ఆ వేపాకు తీసి బయట పడేసింది.

మధ్యాహ్నం ఆమె మళ్లీ వచ్చి, అరవంలో ముద్దుగా, “కుడి కణ్ణు, కుడి,” అంది. పాప కళ్లు అటే తిరిగాయి. నాకు కోపం ఆగలేదు.

“యాడ చూస్తాండావే? ఎవురుండారు ఆడ?”

“ఎవురూ లేరు,” అంది పాప ఏడుపు గొంతుతో. “ఆయమ్మే కుడి, కుడి అంటాది. నేను చూస్తానే ఉండాను గదా.”

అప్పటిగ్గానీ నా బుర్రకు తట్టలేదు. అరవంలో కుడి అంటే తాగు, కణ్ణు అంటే బంగారం అని ముద్దుమాట. పాప చిత్తూరు పక్కన మా అమ్మ దగ్గర పెరిగింది, అరవం ముక్క రాదు. కుడి ఎడమలు ఈమధ్యనే తాత నేర్పించాడు. నాకు రెండు భాషలూ కలిసిపోయి ఉంటాయి కనక, నా చెవికి అది తాగమన్నట్టే వినిపించేది. చెబితే నర్సమ్మ నొచ్చుకుంది. నా దగ్గర తెలుగు మాట అడిగి నేర్చుకుని, “తాగు తల్లీ,” అంది.

పాప గ్లాసు ముట్టలేదు. నావైపు చూసింది.

“అక్క లేదని చూపిస్తాండారనుకున్న్యా. అక్క యాడికి పోయింది?”

“పోయిందమ్మా,” అన్నాను. ఇంటికి అని కలుపుదామంటే నోరు రాలేదు.

“అక్క నీళ్లు తాగిందా?”

ఆ పిల్ల ఏ రోజూ మొండికేయలేదు. ఇచ్చిన ప్రతి గ్లాసూ చుక్క మిగల్చకుండా తాగి, బోర్లించి నర్సమ్మకు చూపించేది.

“తాగింది,” అన్నాను.

పాప గ్లాసు అందుకుని మొత్తం తాగింది. తాగి, దాన్ని బోర్లించి నర్సమ్మకు చూపించింది.