ఊరిన క్యాబేజీ ఆగదు

తక్ ఇన్సుక్‌కు కోపం కొత్త కాదు. బస్సులో ఫోన్ పట్టుకుని అరిచేవాళ్ళ మీద, ఎన్నికలప్పుడు తెల్లారకుండానే మైకుల్లో పాటలు మోగించేవాళ్ళ మీద, ఊరందరూ వెళ్ళే స్నానాల ఇంట్లో వేడినీళ్ళలో కూర్చుని పక్కింటి కోడలి గుట్టు విప్పేవాళ్ళ మీద ఆమెకు రోజూ ఒళ్ళు మండేది. ఆ మంటను ఊరికే పోనిచ్చేది కాదు. గున్సాన్ ఓడరేవు ఊళ్ళో ఒక చిన్న కాలేజీలో జానపద సంస్కృతి పాఠాలు చెప్పుకుంటూ, ప్రతి సోమవారం అక్కడి పత్రికకు ఒక వ్యాసం రాసేది. తానుండే సొల్‌మే పేటలో ఏం జరిగినా అందులోకి ఎక్కాల్సిందే. ఎవరి డాబా మీద మిరపకాయలు ఎండుతున్నాయి, చినుకు పడితే ఎవరు పరుగెత్తి ఎత్తారు, ఓడల కర్మాగారం మూతపడ్డాక ఏ హోటలువాడు ఏ వంటకం మానేశాడు, అన్నీ రాసేది. "ప్రొఫెసరమ్మ వస్తోంది, నోళ్ళు జాగ్రత్త" అని కూరగాయల అంగడి దగ్గర ఆడవాళ్ళు నవ్వుకునేవారు. నవ్వుతూనే సోమవారం పేపరు రాగానే తమ పేరు ఉందేమోనని వెతుక్కునేవారు.

కిందటేడు ఆమె కిమ్చీ గురించి, అంటే కారం పట్టించిన క్యాబేజీ ఊరగాయ గురించి రాసింది. చలి ముదరకముందే సొల్‌మే పేట ఆడవాళ్ళు జట్టు కట్టి, వంతులవారీగా ఒక్కో ఇంట్లో కూర్చుని ఆ ఇంటికి చలికాలమంతా సరిపడా కిమ్చీ పెడతారు. వంతు వచ్చిన ఇంటావిడ అందరికీ ఉడికించిన పందిమాంసం పెట్టాలి, వెళ్ళేటప్పుడు తలా ఒక డబ్బా చేతికివ్వాలి. ఇవాళ నేను నీ ఇంట్లో చెయ్యి కలిపితే రేపు నువ్వు నా ఇంట్లో కలపాలి. కాగితం లేదు, సంతకం లేదు, అయినా ఎవరూ తప్పరు. ఇన్సుక్ అది చూసి పొంగిపోయింది. "మా పేట ఒకే కుటుంబం. ఇక్కడ కారం తొట్టి ముందు ఎవరూ ఒంటరిగా కూర్చోరు" అని రాసింది. బియ్యప్పిండి వంటల అంగడి నడిపే గ్యొంగ్‌నే, అంటే మహిళా సంఘం అధ్యక్షురాలు, అది చదివి కళ్ళు ఒత్తుకుందట.

ఈ ఏడు ఆ మాట బ్యానరెక్కింది.

సంగతేమిటంటే, పిల్లలు లేక పేటలోని ప్రాథమిక పాఠశాల మూసేశారు. ఖాళీ భవనంలో బుద్ధి ఎదుగుదల తక్కువైన పిల్లల కోసం బడి పెడతామని పైవాళ్ళు చెప్పారు. అంతే, పేట భగ్గుమంది. అలాంటి బడి వస్తే ఇళ్ళ విలువ పడిపోతుందట, కొత్త కాపురాలు రావట. ఆదివారం సభ, అక్కడ చేతులెత్తి తేల్చుకుంటారు. ఆ బడి కావాలని పేట మొత్తం మీద నోరు తెరిచి అడిగింది ఒకే ఒక్కతె, బట్టలు సరిచేసే కుట్టు కొట్టు యొ బొగిమ్. ఆమె కూతురు సొల్‌బికి పన్నెండేళ్ళు. మాటలు రావు, ఎప్పుడూ ఏదో ఒక రాగం తీస్తూ ఉంటుంది. పొద్దు పొడవకముందే ఆ పిల్లను లేపి, దూరపు ఊరి బడికి పోయే బస్సు ఎక్కించాలి. బస్సు దిగేసరికి కొన్ని రోజులు పిల్ల గౌను తడిసి ఉంటుంది. అది పేటలో అందరికీ తెలుసు.

ఆ శనివారం బొగిమ్ ఇంటి వంతు. ఆఖరి వంతు. ఇన్సుక్ ఎర్ర రబ్బరు తొడుగులు సంచిలో వేసుకుని బయలుదేరి, నాలుగు రోడ్ల కూడలిలో ఆగిపోయింది. తల మీద ఆ చివర నుంచి ఈ చివరకు బ్యానర్ ఊగుతోంది. "ప్రత్యేక పాఠశాల మాకొద్దు. మా పేట ఒకే కుటుంబం." ఆ మాట కింద, ప్రొఫెసర్ తక్ ఇన్సుక్ అని పేరు. ఆమె దాన్ని రెండోసారి చదివింది. ఎవరినడిగి పెట్టారని గొంతు దాకా వచ్చింది గానీ, అడగడానికి రోడ్డు మీద మనిషి లేడు.

బొగిమ్ ఇంటి వాకిట్లో క్యాబేజీలు కొండలా ఉన్నాయి. నిన్న సాయంత్రం చీల్చి ఉప్పునీళ్ళలో ఊరబెట్టి, పొద్దున్నే కడిగి నీరోడడానికి బోర్లించింది. వెల్లుల్లి, ముల్లంగి, చేపల రసం కలిపిన కారం తొట్లలో ఎర్రగా మెరుస్తోంది. పెద్ద గిన్నెలో పందిమాంసం కుతకుత ఉడుకుతోంది. తొట్ల ముందు బొగిమ్ ఒక్కతే కూర్చుని ఉంది.

"మిగతావాళ్ళేరి?" అంది ఇన్సుక్.

"రారు." బొగిమ్ తలెత్తలేదు. "నిన్న గ్యొంగ్‌నే అక్క ఫోన్ చేసింది. ఆదివారం సభలో నీ మాట వెనక్కి తీసుకుంటానను, పొద్దున్నే తొడుగులేసుకుని అందరం వచ్చేస్తాం అంది."

"నువ్వేమన్నావ్?"

"ఏమంటాను? మాంసం పొయ్యి మీద పెట్టాను. అందరికీ సరిపోయేలాగే పెట్టాను, ఒకవేళ వస్తారేమోనని."

ఇన్సుక్‌కు చెవులు వేడెక్కాయి. ఊరిన క్యాబేజీ ఆగదు. ఆ పూటే కారం పట్టించాలి, రేపటికి మెత్తబడి ముద్దయిపోతుంది. ఆ పేటలో పుట్టిన చిన్నపిల్లకు కూడా తెలిసిన సంగతి. ఆగదని తెలిసే ఆ ఫోన్ చేశారు. ఇదే బొగిమ్ ఈ నెలంతా ఇల్లిల్లూ తిరిగి చెయ్యి కలిపింది. గ్యొంగ్‌నే ఇంట్లోనైతే సూది గుచ్చుకుని వాచిన వేలితో, సాయంత్రం దాకా నడుం ఎత్తకుండా కూర్చుంది. ఇన్సుక్ పక్కనే ఉండి చూసింది.

పొయ్యి పక్కన మాంసం కోసే కత్తెర ఉంది. ఇన్సుక్ దాన్ని తీసుకుని లేచింది.

"ఎక్కడికి ప్రొఫెసరమ్మా?"

"నా మాట నేను తెచ్చుకోవద్దూ."

కూడలిలో గ్యొంగ్‌నే అంగడి ముందున్న ప్లాస్టిక్ స్టూలు లాగి, దానిమీదెక్కి, ఆ వయసులో, ఆ బూట్లతో, బ్యానర్‌ను కిందికి గుంజి కత్తెర పెట్టింది. అంగడి లోపల ఆడవాళ్ళంతా వేడివేడి బార్లీ టీ తాగుతున్నారు. రావాల్సిన చోటికి రాకుండా అందరూ ఇక్కడే ఉన్నారన్నమాట. గ్యొంగ్‌నే పరుగున వచ్చింది.

"దిగండి ప్రొఫెసరమ్మా, పడతారు. అది సంఘం బ్యానరు."

"సంఘం గుడ్డ సంఘానికే ఉంచుతున్నాను. నా ముక్క నేను తీసుకుంటున్నాను."

"మిమ్మల్ని గౌరవించే కదండీ వేయించాం."

"మీ గౌరవం కాల్చుకు తిననా? మొన్న ఆ పిల్ల తల్లి కలిపిన కిమ్చీ మీ ఫ్రిజ్‌లో ఉంది. అది తింటే పడిపోదేం మీ ఇంటి విలువ?"

"అది వేరు, ఇది వేరు. ఆ పిల్లంటే మాకేం కోపమండీ? చూస్తే పాపం అనిపిస్తుంది. బడి ఇంకెక్కడైనా కట్టుకోమంటున్నాం, అంతే."

"ఇంకెక్కడో ఉన్నవాళ్ళూ ఇంకెక్కడైనా కట్టుకోమనే అంటారు గ్యొంగ్‌నే. అందుకే ఆ పిల్ల చీకట్లో లేచి బస్సెక్కుతోంది. మళ్ళీ పాపమట. ఆ పాపం అనే మాట ఇంకోసారి నా ముందు అనకు."

లోపలి నుంచి ఎవరో, వినబడేలాగే అన్నారు. "అద్దె కొంపలో ఉండే ఆవిడకు ఇంటి విలువ ఏం తెలుస్తుందిలే. మన మీద రాసుకుని పేరు తెచ్చుకుంది, చాలదూ?"

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఇన్సుక్ మిగిలిన వైపు కూడా కత్తిరించి, ఆ గుడ్డ ముక్కను చుట్టచుట్టి దిగింది. బ్యానర్ మధ్యలో పెద్ద కంత పడింది, అందులోంచి ఎదురుగా మూసిన బడి గేటు కనబడుతోంది.

ఆ గుడ్డను ఆమె బొగిమ్ వాకిట్లో చాపలా పరిచింది. ఇద్దరూ దానిమీద కూర్చుని పనిలో దిగారు. ఆకు ఆకుకూ కారం పట్టించి, పై ఆకుతో చుట్టి డబ్బాలో పెట్టడం. సొల్‌బి రాగం తీసుకుంటూ డబ్బాల మూతలు ఒకదానిమీద ఒకటి పేర్చి, పడగొట్టి, మళ్ళీ పేరుస్తోంది. మధ్యాహ్నం దాటి పొద్దు వాలుతున్నా క్యాబేజీల కొండ తరగలేదు. ఇన్సుక్ నడుం విరిగిపోతోంది, నోరు మాత్రం ఆగడం లేదు. పేటను తిట్టింది, సంఘాన్ని తిట్టింది, ఏళ్ళ తరబడి వీళ్ళను చూసి మురిసిన తన కళ్ళను కూడా తిట్టుకుంది.

అప్పుడు గేటు చప్పుడైంది. జట్టులో అందరికంటే పెద్దావిడ, ప్యొ అవ్వ, తన తొడుగులు తనే తెచ్చుకుని వచ్చింది. ఎవరినీ పలకరించకుండా బ్యానర్ గుడ్డ మీద చతికిలబడి, ఒక క్యాబేజీ అందుకుంది. ఆవిడ చెయ్యి పడితే పని పరుగెడుతుంది. చూస్తుండగానే ఒక తొట్టి ఖాళీ అయింది. బొగిమ్ మొహంలోకి పొద్దుటి నుంచి లేని రంగు వచ్చింది.

సొల్‌బి లేచి వచ్చి, తల్లి చేసినట్టే ఒక లేత ఆకు తుంచి, కారం పెట్టి, వంకరటింకరగా చుట్టి అవ్వ నోటి దగ్గర పెట్టింది. పక్కనున్నవాళ్ళ నోట్లో మొదటి ముద్ద పెట్టడం ఆ పనిలో మర్యాద. అవ్వ ఒక్క క్షణం ఆ పిల్ల వేళ్ళ వైపు చూసి నోరు తెరిచింది. నిదానంగా నమిలింది.

"ఉప్పు సరిపోయింది" అంది.

"అవ్వా, అయితే రేపు సభలో..." అని బొగిమ్ మొదలుపెట్టింది.

"రేపు నా చెయ్యి వాళ్ళ వైపే లేస్తుందే తల్లీ. నాకు మిగిలింది ఆ ఒక్క ఇల్లు. ఊరిన క్యాబేజీ కుళ్ళిపోతుంటే కూర్చోలేక వచ్చాను. అంతకంటే ఏం లేదు."

ఇన్సుక్ చేతిలో ఉన్నది తొట్టిలో విసిరికొట్టింది. "ఆ పిల్ల చేతి ముద్ద ఇంకా నోట్లోనే ఉంది అవ్వా. లేవండి. ఆ తొడుగులు తీసేసి నడవండి ఇక్కణ్ణుంచి."

అవ్వ లేవబోయింది. బొగిమ్ కారం చేత్తోనే ఆవిడ మోచెయ్యి పట్టుకుంది.

"ఉండనీండి ప్రొఫెసరమ్మా" అంది, గొంతు పెంచకుండా. "ఇంకా రెండు తొట్లున్నాయి. పొద్దుగూకిపోతోంది."

అవ్వ మళ్ళీ కూర్చుంది. సొల్‌బి ఇంకో ఆకు చుట్టి ఆవిడ నోటికే అందించింది, ఆవిడ తల దించుకుని తింది. ఇన్సుక్ పళ్ళు బిగబట్టి, ఎదురుగా జరిగి, అదే తొట్టిలో చేతులు పెట్టింది. కారం అంటిన చేతులతో కళ్ళు తుడుచుకోవడానికి లేదు, అందుకని కన్నీళ్ళను అలాగే కారనిచ్చింది.