నొప్పి ఈడని చెప్పలేని మనిషి

ఇబ్రహీం ఒకచోట కుదురుగా కూర్చునే మనిషి కాడు. అన్నం తింటూ కూడా వాకిలి వైపే చూస్తుంటాడు. దూదేకుల ఇంట పుట్టి, బర్మా యుద్ధంలో స్ట్రెచర్లు మోసి, తిరిగొచ్చాక ఆదోనిలో ఒక ఆసుపత్రి వ్యాను మీద కాంపౌండరుగా చేరాడు. “నీకు ఇల్లు ఎప్పుడూ పట్టలేదు, ఆ వ్యానే నీ కొంప” అని భార్య లాలాబీ సణుగుతుండేది.

గాయాలు ఆయన్ను అంతగా కలతపెట్టేవి కావు. గాయం కంటికి కనిపిస్తుంది, కట్టు కట్టొచ్చు. “ఏందో బాగల్యా” అనేవాళ్ళను చూస్తేనే ఆయనకు లోపల పీకులాట మొదలయ్యేది. అది ఒట్టి నీరసం కావచ్చు, ప్రాణం మీదికి వచ్చిన జబ్బూ కావచ్చు.

1955 దసరా మరునాడు పొద్దు పొడిచేసరికి వ్యాను దేవరగట్టు చేరింది. రాత్రి కర్రలతో కొట్టుకునే జాతరలో దెబ్బలు తగిలినవాళ్ళు గట్టు కింద గుంపుగా కూర్చుని ఉన్నారు. గాయాలకు అద్దిన పసుపు నెత్తుటితో కలిసి ఎర్రబడింది. అందరికంటే గట్టిగా అరుస్తున్నవాడు తల పగిలిన ఈరన్న. అతని అన్న వచ్చి ఇబ్రహీం చేయి పట్టి లాగాడు.

ఇబ్రహీం ఈరన్న పేరు అడిగాడు, ఊరు అడిగాడు. కళ్ళు చూశాడు. వేళ్ళు గట్టిగా పట్టుకోమన్నాడు. అన్నీ సరిగానే ఉన్నాయి. తలకు గాజుగుడ్డ చుడుతుంటే, ఎడ్లబండి చక్రానికి ఆనుకుని కూర్చున్న ఇంకో మనిషి కంటపడ్డాడు. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. కూర్చుంటాడు, లేస్తాడు, మళ్ళీ కూర్చుంటాడు. మాటిమాటికీ ఆవలిస్తున్నాడు.

కట్టు ముడి వేసి ఇబ్రహీం అటు నడిచాడు.

“ఏమప్పా, ఏమైంది?”

“ఏం ల్యాదు సాబ్. ఒళ్ళు ఎట్లనో ఉంది.”

“యాడ నొప్పి?”

“ఈడని సెప్పల్యాను. కొంచెం నీల్లుంటే ఇయ్యి.”

“రేత్రినించీ నీల్లు నీల్లు అంటానే ఉండాడన్నా” అంది పక్కనున్న ఆడమనిషి. ఆమె పేరు నాగమ్మ, అతని భార్య. అతని పేరు వెంకటేశులు, ఎమ్మిగనూరులో మగ్గం నేస్తాడు. జాతర చూద్దామని వచ్చారు.

“దెబ్బ తగిలిందా?”

“కర్ర తగల్యా. తొక్కుడులో కాలు జారి బండ మీద పడినా. అప్పుడేం అనిపీల్యా.”

ఇబ్రహీం మణికట్టు పట్టుకున్నాడు. చేయి చల్లగా, తడిగా ఉంది. నాడి సన్నగా పరుగెత్తుతోంది. కనురెప్ప కిందికి లాగి చూస్తే లోపల తెల్లగా పాలిపోయి ఉంది. కడుపు మీద చేయి పెడితే మెత్తగానే ఉంది గానీ, ఎడమ పక్కటెముకల కింద నొక్కినప్పుడు వెంకటేశులు తన ఎడమ భుజం పట్టుకున్నాడు.

“ఈడ నొక్కితే ఆడ లాగుతాంది సాబ్” అన్నాడు ఆశ్చర్యంగా.

కడుపు కోయాల్సి వస్తుందేమోనని ఇబ్రహీం నీళ్ళివ్వలేదు. తడిగుడ్డతో పెదవులు తుడిచి, “తిక్కయ్యా, స్ట్రెచర్ దించు” అని డ్రైవర్ను కేకేశాడు.

ఈరన్న అన్న అడ్డం వచ్చాడు. “నెత్తురు కారేటోన్ని ఇడిసిపెట్టి, మంచిగుండేటోన్ని పండబెడతావా?”

“మీ తమ్ముడు కూసోగలడు. ముందర సీట్లో ఎక్కించు.”

“మిగిలినోల్లు?”

ఇబ్రహీం గుంపు వైపు ఒకసారి చూశాడు. గుడ్డలూ అయోడినూ హొళగుంద నుంచి అప్పుడే వచ్చిన వైద్యుడి చేతికిచ్చి, వ్యాను ఎక్కాడు. జనం వెనకనుంచి తిడుతూనే ఉన్నారు.

ఆదోని దారి గుంతలమయం. సగం దారి పోయాక వెంకటేశులు, “ఇప్పుడు నొప్పి తగ్గింది సాబ్, నన్ను దింపేయి. బస్సు పట్టుకుని ఊరికి పోతాం” అన్నాడు. నాగమ్మ ముఖం వెలిగింది. “బాగైందంట గదన్నా, దింపు.”

తిక్కయ్య బండి ఆపి వెనక్కి చూశాడు. ఇబ్రహీం దిగాడు, ఎక్కాడు, మళ్ళీ దిగాడు. ఒకవేళ ఏమీ లేకపోతే? అంతమందిని అక్కడ వదిలేసి వచ్చాడే. మళ్ళీ ఎక్కి నాడి పట్టాడు. ఇందాకటికంటే సన్నబడింది. వేళ్ళకింద దొరికీ దొరకనట్టుంది. చేయి ఇంకా చల్లబడింది.

“పోనీ తిక్కయ్యా. యాడా ఆపొద్దు.”

ఆసుపత్రిలో పెద్ద డాక్టరు ఇబ్రహీం చెప్పింది వింటూనే కడుపు చూశాడు. వెంటనే థియేటర్ సిద్ధం చేయమన్నాడు. కోసి చూస్తే ప్లీహం చిరిగి కడుపంతా నెత్తురు నిండిపోయింది. కబురందుకుని ఎమ్మిగనూరు నుంచి వచ్చిన నాగమ్మ తమ్ముడు నెత్తురిచ్చాడు. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ ఇబ్రహీం వరండాలో ఈ చివరనుంచి ఆ చివరకు తిరుగుతూనే ఉన్నాడు. తలకు కుట్లు వేయించుకున్న ఈరన్న బెంచీ మీద గురక పెడుతున్నాడు. అతని అన్న ఇబ్రహీం వైపు చూసి, తల వంచుకుని, బీడీ ఒకటి అందించాడు. ఇబ్రహీం తీసుకున్నాడు గానీ వెలిగించలేదు.

వెంకటేశులు బతికాడు. కాస్త మాట్లాడే ఓపిక వచ్చిన రోజున అడిగాడు: “నాకే తెల్వంది నీకెట్ల తెలిసింది సాబ్?”

“నాకూ తెల్వల్యాదప్పా” అన్నాడు ఇబ్రహీం. “తెల్వకనే తోల్కొచ్చినా. తెలిసుంటే ఇంత భయపడేటోన్ని కాదు.”

నాగమ్మ ఏదో అనబోయింది. అప్పటికే వాకిట్లో తిక్కయ్య హారన్ మోగించాడు. కౌతాళంలో ఎవరికో కళ్ళు తిరుగుతున్నాయట, జ్వరం మాత్రం లేదట. ఇబ్రహీం చెప్పుల్లో కాళ్ళు సరిగా దూర్చుకోకుండానే బయటికి నడిచాడు.