పక్క గిన్నెకు పరామర్శ

మా బావమరిది పలకరిస్తే చచ్చిన కణం కూడా లేచి బదులిస్తుంది. సరే, లేవదు, కణానికి కాళ్ళెక్కడివి? కానీ వాడు పలకరించడం మాత్రం నిజం. అదీ దెబ్బ తిన్నదాన్ని కాదు, దాని పక్కదాన్ని. లోకమంతా తగిలినవాడి చుట్టూ మూగితే, మావాడు పక్కనున్నవాడి దగ్గరికి వెళ్ళి, "మీకెలా ఉందండీ?" అంటాడు.

ఒకసారి వీధిలో ఒకాయన సైకిలు మీంచి పడ్డాడు. మావాడు తిన్నగా, చూస్తూ నిలబడిన బట్టల కొట్టాయన దగ్గరికి వెళ్ళాడు.

"మీకెలా ఉందండీ?"

"పడింది నేను కాదండీ, ఆయన!"

"తెలుసండీ. మీ చేతులు వణుకుతున్నాయి, కూర్చోండి."

కింద పడ్డాయన తనే లేచి, దుమ్ము దులుపుకుని, అలిగి వెళ్ళిపోయాడు.

ఈ జబ్బు వాడికి ఉద్యోగంలో అంటుకుంది. వాడి ల్యాబ్ ఆసుపత్రి నేలమాళిగలో. కిటికీలు లేవు. కిరణాలు బయటికి రాకుండా వేసిన సీసం తలుపు మూసుకుంటే మన ఊపిరి మనకే ఇంకెవరిదోలా వినిపిస్తుంది. ఒకరోజు నన్ను తీసుకెళ్ళి రెండు గాజు గిన్నెలు చూపించాడు. రెండింట్లోనూ బతికున్న కణాలే. ఒకదాని మీద కేన్సర్‌కి పెట్టే కిరణాలు కొట్టారు. రెండోది ఆ కిరణాల గది గడపైనా తొక్కలేదు. మొదటి గిన్నెలోని ద్రవాన్ని, ఒక్క కణమూ రాకుండా వడకట్టి, రెండోదాంట్లో పోశారు. అంతే.

మైక్రోస్కోపులో కన్ను పెట్టాను. కిరణం ముఖమెరగని ఆ రెండో గిన్నెలో కొన్ని కణాలు ఉబ్బిపోయాయి, కొన్ని ముడుచుకుపోయాయి. చెవిలో ఎవరో చెప్పకూడనిదేదో చెప్పినట్టు.

"వీటినెవరు కొట్టార్రా?" గొణిగాను. అక్కడ గట్టిగా మాట్లాడబుద్ధి కాదు.

"ఎవరూ కొట్టలేదు బావా. దెబ్బ తిన్నవి కబురు పంపాయి."

"ఏమని?"

"అది తెలిస్తే నన్నీ నేలమాళిగలో ఎందుకుంచుతారు?" అని, రెండో గిన్నె మీదికి వంగి, "మీకెలా ఉందండీ?" అన్నాడు.

నవ్వబోయి ఆగిపోయాను. బదులొస్తుందేమోనని.

ఆ మరుసటేడు నా గొంతులో గడ్డ తేలింది. అదే నేలమాళిగలో, వారానికి ఐదు చొప్పున ముప్పైసార్లు కిరణాలు పెట్టాలన్నారు. మూడు వారాలయ్యేసరికి ముద్ద దిగడం మానేసింది. పాలు, పళ్ళరసం మీద బతుకుతున్నాను. చిక్కిపోయాను. అది మామూలేనన్నాడు డాక్టరు. మామూలు కానిది మా ఆవిడ సంగతి. బయట బెంచీ మీద కూర్చోవడం తప్ప ఇంకేమీ చెయ్యని మనిషికి వేలి ఉంగరం జారిపోతోంది. దువ్వెన నిండా తన జుట్టే. నాది ఒక్క వెంట్రుకైనా ఊడలేదు. ఒక పొద్దున అద్దంలో ఇద్దరం పక్కపక్కన కనబడ్డాం. రోగి ఎవరో పోల్చుకోలేకపోయాను.

అప్పుడు గిన్నెలు గుర్తొచ్చాయి. ఇంట్లో నా కుర్చీని మా ఆవిడకి దూరంగా, గదిలో ఆ చివరి మూలకి ఈడ్చుకున్నాను.

"ఒరేయ్, నాలోంచి ఏదో మీ అక్కకి పాకుతోందిరా," అన్నాను బావమరిదితో.

"మెషిన్ ఆగితే కిరణమూ ఆగినట్టే. నీలోంచి ఏమీ రాదు బావా."

"మరి తనెందుకలా అయిపోతోంది?"

"అడుగుతాను," అని వెళ్ళిపోయాడు. నా గొంతెలా ఉందని మాత్రం ఒక్క ముక్క అడగలేదు, దుర్మార్గుడు!

మర్నాడు నన్ను మెషిన్ కింద పడుకోబెట్టి తలుపేశారు. బయట జరిగింది తర్వాత నర్సు చెప్పింది. వాడొచ్చి బెంచీ మీద కూర్చుని, "నీకెలా ఉందక్కా?" అన్నాడట. ఆ మూడు వారాల్లో ఆమెనెవరూ ఆ మాట అడగలేదు. నేనూ అడగలేదు.

"మీ బావకి ముద్ద దిగట్లేదురా. ఆయన ఎదురుగా నేనెలా నమలను?" అందట మా ఆవిడ. నాకు పాలైతే తనకీ పాలే. వంటింట్లో చాటుగానైనా మెతుకు ముట్టలేదు.

వాడు తన భోజనం డబ్బా తెరిచి ఆమె ఒళ్ళో పెట్టాడట. "బావ లోపలున్నాడు. పావుగంట టైముంది. నములు."

చికిత్స అయ్యేదాకా రోజూ అదే వరస. నేను తలుపుకి అటు, డబ్బా ఇటు. నాకంటే ముందు మా ఆవిడే తేరుకుంది.

ఇదంతా రాసి మొన్న వాడికి చదివి వినిపించాను.

"శుద్ధ అబద్ధం," అన్నాడు. "ఆ డబ్బా నాకోసం తెచ్చుకున్నాను. అక్కే లాక్కుని తినేసింది."

"పదిహేను రోజులూనా?"

"పదిహేను రోజులూ."