నాలుగు ఆఠీన్లు, ఒక ఫోన్ కాల్

అతను జూదంలో పడి ఇంటర్వ్యూ పోగొట్టుకున్నాడని, నేను ఎంత చెప్పినా వినలేదని మా గెస్ట్‌హౌస్ వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కథ మొదట చెప్పింది నేనే. అది నిజం కాదు.

2013లో, అమెరికాలో షికాగో పక్కనున్న షామ్‌బర్గ్‌లో, మా కన్సల్టెన్సీ వాళ్ల గెస్ట్‌హౌస్‌లో ఐదుగురం ఉండేవాళ్లం. అందరం బెంచ్ మీదే. అంటే చేతిలో ప్రాజెక్టు లేదు, క్లయింట్ ఫోన్ కోసం ఎదురుచూపు. వంట, మాక్ ఇంటర్వ్యూలు, మళ్లీ వంట. పక్క ఊరి బార్లలో అప్పుడే వీడియో పోకర్ మెషీన్లు పెట్టారు. మెషీన్ ఐదు ముక్కలు వేస్తుంది. కావలసినవి ఉంచుకుని మిగతావి మార్చుకోవాలి. అంతే ఆట.

నేను పదేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఏ ప్రోగ్రాంలోనైనా బగ్ ఉంటుందని, చేసిన పనే మళ్లీ చేస్తే అదే బగ్ మళ్లీ దొరుకుతుందని నమ్మి బతికినవాణ్ణి. మెషీన్ వేసిన ప్రతి ఆటనూ రాసుకుని, ఇంటికొచ్చి ఎక్సెల్‌లో ఎక్కించేవాణ్ణి. మూడు వారాలకు ఒక వరస కనిపించింది. జాకీల జత వెంటవెంటనే రెండుసార్లు పడితే, ఆ తర్వాతి పది ఆటల్లో ఒకసారి ఐదూ ఒకే గుర్తున్న ముక్కలు పడి డబ్బులొస్తున్నాయి.

"ఏం సైంటిస్టు గారూ, మెషీన్‌కి టెస్ట్ కేసులా? రెజ్యూమెలో పెట్టుకోండి!" అని ఇంట్లో ఒకడు నవ్వాడు.

తర్వాత ఇంటర్వ్యూ పోగొట్టుకున్న అతను మాత్రం నవ్వలేదు. వరంగల్ వాడు, నాకంటే ఆరేళ్లు చిన్న. "అన్నా, నువ్వు పట్టినవంటే అది పక్కా ఉంటది" అన్నాడు. నాలుగు నెలలుగా నన్ను ఏ క్లయింటూ పనికొస్తాడనలేదు. ఆ మాట నాకు బాగా ఎక్కింది.

ఒక బుధవారం, కొత్తగా రాసుకున్న రెండు వందల ఆటలతో నా వరసను సరిచూశాను. నిలబడలేదు. మెషీన్ ప్రతి ఆటకూ పేకను కొత్తగా కలుపుతుంది. వెనక ఏం వేసిందో దానికి గుర్తుండదు. జాకీల తర్వాత రావలసింది అంటూ ఏదీ లేదు. అర్థమైంది, అయినా అతనికి చెప్పలేదు. ఇంకొన్ని ఆటలు చూద్దామని లాప్‌టాప్ మూసేశాను.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి అతనికి క్లయింట్ ఇంటర్వ్యూ ఫోన్ రావాలి. ఆ వారం ప్రాజెక్టు దొరక్కపోతే వీసా క్యాన్సిల్ చేస్తామని కన్సల్టెన్సీ చెప్పేసింది. ఉదయం నుంచీ చదివి చదివి, పన్నెండున్నరకు "బుర్ర వేడెక్కింది అన్నా, జర బయటికి పోయొద్దాం" అన్నాడు. కారు నాది. బార్‌కి తీసుకెళ్లిందీ నేనే.

ఒకటిన్నర దాటాక జాకీల జత పడింది. మరుసటి ఆటలో మళ్లీ పడింది.

"పోదామా అన్నా?"

"పది ఆటలే. ఫోన్ వస్తే కార్లో కూచుని మాట్లాడుకోవచ్చు."

పాటల హోరులో రింగు వినపడదని ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. "నువ్వు చూస్తుండన్నా. వస్తే చెప్పు."

అతను నింపాదిగా ఆడుతున్నాడు. నేను గడియారం వంక, ఫోన్ వంక, మెషీన్ వంక చూస్తున్నాను. ఎనిమిదో ఆటలో నాలుగు ఆఠీన్లు పడ్డాయి. ఇంకొక్కటి పడితే ఐదూ ఒకే గుర్తు. అప్పుడే ఫోన్ వెలిగింది.

చూశాను. రెండింటికి ఇంకా రెండు నిమిషాలున్నాయి. ఈ ఒక్క ముక్క చూసి చెబుదామనుకున్నాను. "మార్చు" అన్నాను.

కళావరు ఏడు పడింది. ఫోన్ ఆరిపోయింది.

మిస్డ్ కాల్ చూసి అతను తిరిగి ఫోన్ చేస్తే వాయిస్‌మెయిల్‌కి వెళ్లింది. క్లయింట్ మళ్లీ చేయలేదు. నెల తిరక్కుండా అతను ఇండియా వెళ్లిపోయాడు. అతను బయల్దేరేముందు వాళ్లావిడ వరంగల్ నుంచి నాకు ఫోన్ చేసింది. "పోవద్దని మీరన్న జెప్పొద్దా అన్నా?"

"చెప్పానమ్మా. వినలేదు."

ఇన్నేళ్లకు నిన్న ఆవిడకు ఫోన్ చేశాను. ఆ రోజు సంగతి ఒకటి చెప్పాలన్నాను. "నాకెందుకు? ఆయనకే చెప్పుండ్రి, ఈడనే ఉన్నడు" అంది. ఫోన్ చేతులు మారిన చప్పుడు వినిపించింది. పెట్టేద్దామా అనిపించింది.

"అన్నా" అన్నాడు. ఆ తర్వాత, నేను నోరు తెరవకముందే, "ఆ ఫోన్ వచ్చినప్పుడు నువ్వు చూసినవా?"

"చూశాను" అన్నాను.